సలహాల పుస్తకంలో నా దస్తూరీ

నేను రాయగలను. చదవలేను. ఈ రెండు వాక్యాలనూ పక్కపక్కన పెట్టడానికి నాకు పదమూడు నెలలు పట్టింది.

న్యాయశాఖలో ముప్పై నాలుగేళ్ళు ఇతరుల ముసాయిదాలను దిద్దినవాణ్ణి. ఇంగ్లీషులో చదువుకుని, ఇంగ్లీషులోనే ఉద్యోగం వెలగబెట్టి, ఒక్క కామా తప్పినా కాగితాన్ని మూడంతస్తుల కిందికి తిప్పి పంపినవాణ్ణి. అటువంటి నేను పోయిన ఏడాది ఒక ఉదయం పత్రిక విప్పి చూస్తే, అక్షరాలు ఎక్కడివక్కడ ఉన్నాయి, కాని పలకలేదు. తీగ మీద వరుసగా కూర్చున్న పిట్టల్లాగా నావైపు చూస్తున్నాయి. రెప్ప వేస్తే ఎగిరిపోతాయేమో అనిపించి చాలాసేపు రెప్ప వేయలేదు.

"మెదడులో ఒక సన్నని నాళం మూసుకుపోయిందండీ," అన్నారు డాక్టరు. "చూపు బాగానే ఉంది. చూసే చోటి నుంచి చదివే చోటికి వెళ్ళే దారి తెగింది, అంతే. చేతికి వెళ్ళే దారి వేరు. రాయమంటే రాస్తారు. రాసింది మాత్రం మళ్ళీ చదవలేరు."

ఈ సంగతి మా ఆవిడకు తప్ప ఎవరికీ తెలియరాదని నిర్ణయించాను. ఎవరితోనూ అనవద్దని ఆమెకు గట్టిగా చెప్పాను.

"అనడానికి నాకంత మంది ఎవరున్నారు? మీరు ఎవరితో మాట్లాడనిచ్చారు గనక," అంది. తరువాత కాస్త మెత్తబడి, "పోనీ, రోజూ పేపరు నేను చదివి పెడతాను. వినండి," అంది.

ఒప్పుకోలేదు. ఆమె రాసిన సరుకుల చీటీలలో నలభై ఒక్క సంవత్సరాలుగా దీర్ఘాలు దిద్దుతున్నవాణ్ణి. ఆమె ముందు చెవి ఒగ్గి కూర్చోవడం నావల్ల కాలేదు.

అందుచేత ఎప్పటిలాగే ఉదయం పది గంటలకు గ్రంథాలయానికి వెళ్ళడం మానలేదు. మా ఇంటికి రెండు వీధుల అవతల ఉంది. ఆరు రాతి మెట్లు, ఎత్తయిన తలుపు, లోపల పొడవాటి బల్ల, దాని పక్కన నిలువెత్తు కిటికీ. ఆ కిటికీలో నుంచి పడే ఎండ పది గంటలకు బల్ల ఈ కొసన మొదలై, ఒంటిగంటకు ఆ కొసకు చేరుతుంది. నా కుర్చీ మధ్యలో. ఎండ నా చేతుల మీదికి వచ్చేసరికి పదకొండున్నర.

అక్కడ పనిచేసేవారు ముగ్గురు: గ్రంథపాలకురాలు, వెనక గదిలో వయసు మళ్ళిన బైండరు, ఒక అటెండరు. పదకొండేళ్ళుగా ఆ ముగ్గురితో నేను ఆడిన మాటలన్నీ కలిపితే ఒక పోస్టుకార్డుకు సరిపోతాయి. సలహాల పుస్తకంలో రాసినవి మాత్రం అంతకంటే ఎక్కువ. చదవడం పోయాక, వారిని చెవితో ముక్కుతో తెలుసుకోవడం మొదలైంది. గ్రంథపాలకురాలు తేదీ ముద్ర వేసేటప్పుడు మొదటి దెబ్బ మెల్లగా, రెండోది గట్టిగా వేస్తారు. బైండరు తలుపు తీస్తే హాలంతా జిగురు వాసన. అటెండరు ఎడమకాలి చెప్పు కిర్రుమంటుంది, కుడికాలిది అనదు.

ఆ అటెండరుకు యాభై ఏళ్ళుంటాయి. నా కుర్చీ వెనక బీరువా దగ్గర నిలబడి, గుడ్డతో పుస్తకాల దుమ్ము దులుపుతూ, తనలో తాను గొణుక్కుంటూ ఉంటాడు. ఈ ఏడాదిలోనే అతనికి 'రేడియో' అన్న పేరు పడింది.

పత్రిక ముందు పరుచుకుని కూర్చునేవాణ్ణి. పిట్టలు కదలవు. ఎండ నెమ్మదిగా బల్ల మీద పాకుతుంది. ఎక్కడో ముద్ర పడుతుంది, మెల్లగా ఒకటి, గట్టిగా ఒకటి. కళ్ళు తెరిచే ఉండేవి గాని, మెలకువకూ నిద్రకూ నడుమ గట్టు మీద కూర్చున్నట్టుండేది. అప్పుడు కాగితం లోపలి నుంచి ఏదో తేమ పైకి ఊరేది. ఎగువన కుండపోత వాన. ఆనకట్ట గేట్లు రెండు ఎత్తారట. ఆ నీరు చప్పుడు లేకుండా హాలులోకి వచ్చేది. బల్ల కాళ్ళు తడిసేవి, కుర్చీలు నావల్లాగా కొద్దిగా ఊగేవి, పిట్టలు ఒక్కొక్కటే నీటి మీదికి దిగి ఈదుకుంటూ వెళ్ళిపోయేవి. మరొక రోజు, వంతెనకు రంగు వేస్తున్నారు. ఇంకొక రోజు, జంతుప్రదర్శనశాలలో ఏనుగుకు కవల పిల్లలు పుట్టాయి, రెండూ ఆడవే. ఇంటికి వచ్చి ఆ కబురు చెబితే మా ఆవిడ గరిటె పట్టుకుని ఆగిపోయింది.

"చదివారా?" అంది.

"తెలిసింది," అన్నాను.

నా దారి బాగుపడుతోందని నమ్మాను. కాగితంలోని సంగతి చుక్కచుక్కగా కంటి గుండా లోపలికి దిగుతోందనీ, ఇంకొంచెం ఏకాగ్రత ఉంటే పూర్తిగా దిగుతుందనీ తీర్మానించుకున్నాను. దానికి అడ్డం ఆ గొణుగుడు. అందువల్ల ఈ నెల ఇరవై రెండున, తలుపు దగ్గర ఏటవాలు బల్ల మీద ఉండే సలహాల పుస్తకం తెరిచి, నా దస్తూరీలో ఒక ఫిర్యాదు రాశాను. నిశ్శబ్దం ప్రాథమిక నియమమనీ, సదరు అటెండరు దానిని నిరంతరం ఉల్లంఘిస్తున్నాడనీ, తగు చర్య కోరడమైనదనీ.

మరునాటి నుంచి గొణుగుడు లేదు. కిర్రుమనే చెప్పూ లేదు.

మొదటి రోజు హాయిగా ఉంది. రెండో రోజు ఎండ మాత్రం వచ్చి వెళ్ళింది. మూడో రోజు కాగితం కాగితంలాగే ఉంది, పొడిగా. నాలుగో రోజు భోజనం దగ్గర మా ఆవిడ, "ఏమిటి, లోకంలో నాలుగు రోజులుగా ఏమీ జరగడం లేదా?" అంది.

చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. ఆనకట్ట, వంతెన, ఏనుగు కవలలు, అన్నీ ఏ గొంతుతో లోపలికి వచ్చాయో అప్పుడు వినబడింది. ఆ గొంతు నా వెనక, కుడిచెవికి కొంచెం పైగా ఉండేది.

మరునాడు తిన్నగా గ్రంథపాలకురాలి దగ్గరకు వెళ్ళాను. "ఆ అటెండరు ఏడి అమ్మా?"

"మీ ఫిర్యాదుకు సమాధానం రాశాను సార్. పుస్తకంలో ఉంది, చూడండి." ఆమె గొంతులో ఎన్నడూ లేని బిగువు.

పుస్తకం దగ్గరకు నడిచాను. నా రాత కింద ఆకుపచ్చ సిరాతో నాలుగు వరుసలు. నాలుగు వరుసల పచ్చపిట్టలు.

"చూశారా?" అని బల్ల వెనక నుంచి ఆమె అడిగారు.

"చూశాను."

"తృప్తేనా?"

ఊఁ అన్నట్టు తల ఆడించి బయటపడ్డాను.

ఇంటి దగ్గర విషయమంతా విని మా ఆవిడ, "ఆ పుణ్యాత్ముడు పేపరు చదివి పెడుతుంటే నోరు మూయమని రాసి వచ్చారా?" అంది. "రేపు నేనూ వస్తాను. ఆవిడ ఏం రాసిందో చదివి చెబుతాను."

"నువ్వు వచ్చి చదివితే అందరికీ తెలుస్తుంది."

"తెలిస్తే?"

"తెలిస్తే, తెలిసిపోతుంది."

"ముసాయిదా ఏమంత బాగులేదు," అని ఆమె లేచి వెళ్ళిపోయింది.

ఆ పూటంతా ఆలోచించాను. ఆ మనిషికి ఏమయిందో తెలియాలి. తెలియాలంటే ఎవరినో ఒకరిని అడగాలి. అడగడమంటే చెప్పడమే. చివరకు, అడిగేదేదో అతన్నే అడగడం న్యాయమనిపించింది.

మరునాడు బైండరు వెనక గది తలుపు తీసినప్పుడు లోపల ఎడమకాలి చెప్పు కిర్రుమనడం విని, పుస్తకాన్ని చంకన పెట్టుకుని అటు నడిచాను. దానిని బల్ల మీద నుంచి కదపరాదని గోడ మీద నియమం రాసి ఉంది. అదృష్టవశాత్తు నేను దానిని చదవలేను.

అటెండరు నేల మీద కూర్చుని, బైండరుకు ఎదురుగా, పుస్తకాల వెన్నులకు చీటీలు అంటిస్తున్నాడు. నన్ను చూసి లేచాడు.

"ఇటొచ్చారేంటి సార్?"

పుస్తకం అతని చేతికి ఇచ్చాను. "ఇది చదివి పెట్టు."

అతను ఆశ్చర్యపోలేదు. వేళ్ళకున్న జిగురు గుడ్డతో తుడుచుకున్నాడు. "మీరు రాసిందా, మేడమ్ రాసిందా అండీ?"

"రెండూ."

అతను గొంతు సవరించుకున్నాడు. "'పతన మందిరంలో నిశ్శబ్దం ప్రాథమిక నియమమై ఉండగా...'"

"ఆగు. ఏ మందిరం?"

"పతన మందిరం అండీ."

"పఠన మందిరం."

"ఇక్కడ త ఉందండీ. ఠ లేదు."

"సరిగా చూడు."

అతను పుస్తకాన్ని కిటికీ వెలుగులో పెట్టి చూశాడు. బైండరుకూ చూపించాడు. చెవిటివాడైన బైండరు వీధి దాకా వినబడేలా, "త," అన్నాడు.

నేను అక్కడున్న స్టూలు మీద కూర్చున్నాను.

"ఆ మాటకి మేడమ్ రెండు రోజులు సరిగా అన్నం తినలేదండీ," అన్నాడు అటెండరు. "'కామా గారు తప్పు రాయరు. కావాలనే రాశారు. నా చేతికొచ్చాక లైబ్రరీ పతనమైందని ఎత్తిపొడుస్తున్నారు' అన్నారు."

"కామా గారెవరు?"

బైండరు వినబడినట్టే జిగురు డబ్బాలోకి తొంగిచూశాడు.

"మీరేనండీ," అన్నాడు అటెండరు.

"ఊఁ. కానీ. ఆమె రాసింది చదువు."

"'ఫిర్యాదు స్వీకరించడమైనది. సదరు ఉద్యోగిని బైండింగు గదికి మార్చడమైనది. ఇరవై తొమ్మిదిన జరిగే తనిఖీలో ఇతని బదిలీకి సిఫారసు చేయబడును.'"

"బదిలీ ఎక్కడికి?"

"ఊరవతల బ్రాంచికండీ. రెండు బస్సులు మారాలి. అక్కడ పుస్తకాలకంటే కుర్చీలెక్కువ, కుర్చీలకంటే పావురాలెక్కువ."

"ఇవాళ తేదీ ఎంత?"

"ఇరవై ఎనిమిది."

పుస్తకాన్ని అతని చేతి నుంచి తీసుకుని అడిగాను. "నా సంగతి నీకెప్పుడు తెలిసింది?"

"పోయినేడు వానల్లోనండీ. ఆ రోజు పేపరు బండి రాలేదు, నిన్నటిదే బల్ల మీద వేశాను. పేపరు పది నిమిషాలు లేటయితే పుస్తకంలో అరపేజీ రాసేవారు మీరు. అలాంటిది నిన్నటి పేపరు గంటన్నర చూసి, మడిచిపెట్టి, థాంక్స్ అని వెళ్ళారు. నాకు థాంక్స్ చెప్పడం కూడా అదే మొదలు. ఏదో తేడా ఉందనుకున్నాను."

"ఫిర్యాదు వచ్చినప్పుడైనా ఆమెకు చెప్పలేకపోయావా?"

"చెప్తే ఎందుకు గొణుగుతున్నానో చెప్పాలి కదండీ. అది మీ సంగతి. నాది కాదు."

ముప్పై నాలుగేళ్ళలో ఇంత క్లుప్తమైన, దిద్దడానికి వీలులేని వాక్యం నా బల్ల మీదికి రాలేదు.

"దీన్ని వెనక్కి తీసుకోవచ్చునా?"

"రాసినవాళ్ళే కారణం చూపిస్తూ కింద రాయాలండీ. పొరపాటున రాశానని ఒక్క ముక్క రాసేయండి, చాలు."

చాలదు. పొరపాటు ఏమిటని తనిఖీ అధికారి అడుగుతాడు. నేనే ఆ అధికారినైతే అడుగుతాను. ఆమె మనసులోని ముల్లు కూడా దానితో రాదు. అసలు కారణం ఒక్కటే ఉంది. అది రాస్తే, ఆ ఏటవాలు బల్ల ముందు నిలబడే ప్రతివాడూ చదువుతాడు. పదకొండేళ్ళుగా నా ఎదుటి కుర్చీలో కూర్చుని, సందేహం వస్తే నన్నే అర్థం అడిగే ప్లీడరు గారితో సహా.

పుస్తకాన్ని తిరిగి దాని చోట పెట్టి, కలం తీశాను. హాలులో ఎండ బల్ల మధ్యకు వచ్చింది. అది పదకొండున్నర అని నా కుర్చీ ఖాళీగా చెబుతోంది. రాయడం మొదలుపెట్టాను. ప్రతి మాటా చేతి కొస నుంచి దిగి, కాగితాన్ని తాకగానే నాకు అపరిచితమై, మిగతా పిట్టల్లో కలిసిపోతోంది. ముగించి, సంతకం చేసి, అటెండరును పిలిచాను.

"చదువు. తప్పులుంటే చెప్పు."

"ఇక్కడా? పైకా అండీ?"

"పైకే."

అతను ఈసారి గొణగలేదు.

"'పై ఫిర్యాదును ఉపసంహరించుకొనుచున్నాను. కారణం: పదమూడు నెలలుగా నేను చదువలేకున్నాను. ఈ సంగతిని దాచితిని. ఈ ఉద్యోగి నా వెనుక నిలిచి నాకు పత్రిక చదివి వినిపించుచుండగా, దానిని గొణుగుడు అని భ్రమించితిని. మందిరం పేరులో దొర్లిన అక్షరదోషం ఎత్తిపొడుపు కాదు. నా రాత నాకే తెలియకపోవుట వలన జరిగినది. గ్రంథపాలకురాలిని క్షమాపణ వేడుచున్నాను.'"

ప్లీడరు గారు కళ్ళద్దాలు తీశారు, మళ్ళీ పెట్టుకున్నారు. తేదీ ముద్ర సగంలో ఆగింది. మెల్లగా పడవలసిన దెబ్బ పడింది, గట్టిగా పడవలసినది పడలేదు.

"తప్పులు?" అని అటెండరును అడిగాను.

"లేవండీ."

గ్రంథపాలకురాలు లేచి వచ్చారు. నా రాతను తనంత తాను మరొకసారి చదువుకున్నారు. ఆకుపచ్చ కలం తీసి కింద ఏదో రాశారు. పుస్తకం మీదికి వంగి చూసే అలవాటు నా మెడకు ఇంకా పోలేదు. వంగి, ఆగి, నిటారుగా నిలబడ్డాను.

"ఏం రాశారమ్మా?"

ఆమె ఒక క్షణం నావైపు చూశారు. "'ఆమోదించడమైనది' అని రాశాను సార్."

"అంతేనా?"

"తేదీ వేశాను." ఆమె కలానికి మూత పెట్టారు. తరువాత అటెండరు వైపు తిరిగి, "నిలబడి చదివితే కాళ్ళు పీకవూ? ఆ స్టూలు తెచ్చుకో," అన్నారు.

అతను స్టూలు తెచ్చి నా కుర్చీ పక్కన వేసుకున్నాడు. పత్రిక నా ముందు నుంచి తన ముందుకు లాక్కున్నాడు. ఎండ మా ఇద్దరి చేతుల మీదా ఉంది.

"అయిదు రోజులవి బాకీ ఉన్నాయండీ. ఎక్కణ్ణుంచి మొదలుపెట్టమంటారు?"

"ఏనుగు పిల్లలు ఎలా ఉన్నాయి?"

"ఒకటి పాలు తాగడం లేదట. మధ్యలో నిద్రపోతే ఆపేస్తాను సుమండీ."

"నిద్రపోను. చదువు," అని కళ్ళు మూసుకున్నాను. వాటిని తెరిచి ఉంచవలసిన పని ఇక లేదు.