పడుకునే గేటు

మేస్త్రి చేతిలోంచి పువ్వు లేకుండా బయటికి వెళ్లిన ఇనుప వస్తువు ఇంతవరకు లేదు. గేటు చేస్తే దాని నెత్తిన పువ్వు, కిటికీ ఊచలు బిగిస్తే నడిమధ్య పువ్వు, చివరికి ఎవరో చెత్తకుండీకి మూత అడిగితే దాని మీదా ఒక పువ్వు. అది ఏ పువ్వో మాత్రం ఎవరూ చెప్పలేరు. రేకుని రెక్కలుగా కోసి, సుత్తితో వంచి, మధ్యలో ఒక లావుపాటి గుండు అతికిస్తాడు. చూడగానే ఇది ఫలానావాడి పని అని దారిన పోయేవాళ్లు గుర్తుపట్టాలని ఆయన పట్టుదల. వాళ్లు గుర్తుపడతారు కూడా. అందుకే వెనకాల పువ్వుల మేస్త్రి అంటారు. మొహం మీద అన్నా ఆయనకి సంతోషమే.

సొంత వంటింటి వెనక గుమ్మానికీ ఇనుప గేటుంది, దానికీ పువ్వుంది, అది సరిగ్గా ఆయన భార్య మోచెయ్యి ఎత్తున ఉంది. బట్టల బుట్ట ఎత్తుకుని దాటిన ప్రతిసారీ గీరుకునేది. పెళ్లైన కొత్తలో ఆవిడ "ఏవండీ, దీన్ని కాస్త తీసెయ్యరూ" అని అడిగింది. "తీసేస్తే గేటు బోసిపోదూ?" అన్నాడు. కొన్నాళ్లకి ఆవిడ అడగడం మానేసింది. మానేసింది కాబట్టి నచ్చిందన్నమాట అని ఆయన తేల్చేసుకున్నాడు.

అలాంటి మనిషి షెడ్డు ముందుకి ఒకరోజు ఆయన చెల్లెలు, గుర్రాల్ని ఎక్కించుకెళ్లే ట్రైలర్ బండి వెనక తగిలించి లాక్కొచ్చి ఆపింది. ఆమె పిల్లలకి గుర్రపుస్వారీ నేర్పుతుంది. ఆమె దగ్గరున్న ముసలి ఆడగుర్రం పేరు దొరసాని, తీరూ అంతే. దాని కుడి కంట్లో పుండు లేచి లోపలికి దిగుతోంది. ఆపరేషన్ చేసే పెద్ద డాక్టరు పక్క ఊరి పశువుల ఆస్పత్రికి గురువారం వస్తాడు. ఆ గురువారం దాటితే కన్ను తీసెయ్యడం తప్ప దారి లేదని చెప్పేశారు. ఇక్కడే చిక్కొచ్చి పడింది. ట్రైలర్ గుమ్మం ఎత్తు. ఒంటికంటితో ఎత్తు అంచనా దొరక్క దొరసాని ఒకసారి ఎక్కబోయి ముంగాలు చీల్చుకుంది. అప్పటినుంచి ట్రైలర్ దగ్గరికి తీసుకెళ్తే ససేమిరా అంటోంది.

"వెనక తలుపులు రెండూ పీకేసి ర్యాంపు పెట్టన్నయ్యా. కిందికి దించితే మెల్లగా ఎక్కిపోవాలి, పైకెత్తితే అదే తలుపైపోవాలి. అంతే. పువ్వులు మాత్రం వద్దు," అంది చెల్లెలు.

"దాని మీద గుర్రం నడుస్తుందే పిచ్చిదానా. నడిచే చోట పువ్వు పెడతానా?" అన్నాడు మేస్త్రి, నొచ్చుకున్నట్టు.

పనిలో మాత్రం ఆయన్ని వేలెత్తి చూపడానికి లేదు. చదరపు గొట్టాలతో చట్రం కట్టాడు, జానెడు ఎడంగా అడ్డకమ్ములు వేశాడు, వాటిమీద గరుకు రేకు పరిచి గిట్టలు జారకుండా పట్టీలు అతికాడు, పైన రబ్బరు చాప బిగించాడు. అడుగున బొటనవేలంత లావు కడ్డీతో మడతబందులు. ఆడమనిషి ఒక్కచేత్తో ఎత్తగలిగేలా అటొకటి ఇటొకటి స్ప్రింగులు. అంతా అయ్యాక ర్యాంపుని పైకెత్తి గొళ్లేలు వేసి, నాలుగడుగులు వెనక్కి వెళ్లి చూశాడు. ఆయన కళ్లకి అది అచ్చం గేటులా కనిపించింది. గేటు అన్నాక నెత్తిమీద బోడిగా వదిలేస్తే ఎలా?

చెల్లెలు వద్దన్నది గుర్రం నడిచేవైపు. ఇది బయటివైపు. పైగా ఈ గేటు ఒకచోట ఉండేది కాదు, ఊళ్లు తిరిగేది. ఎర్రదీపం దగ్గర ఆగినప్పుడు వెనక బండివాడికి చెయ్యడానికి పనేముంటుంది, దీన్నే చూస్తాడు. అలా తనకి తానే నచ్చజెప్పుకుని, జీవితంలో చేసినవాటిలోకెల్లా పెద్ద పువ్వు చేసి ర్యాంపు పై అంచున అతికించాడు. రెక్కలు బెత్తెడు ముందుకొచ్చాయి. గుండు ఇంకా ముందుకొచ్చింది.

సరిచూసుకోకుండా పంపే రకం కాదాయన. షెడ్డు ముందు ఇసకనేల మీద ర్యాంపుని దించి, ఎక్కి గంతులేశాడు. భార్యని పిలిచి నడిపించాడు. ఇసుమంతైనా కదల్లేదు. మళ్లీ పైకెత్తి చూస్తే ఇసకలో పువ్వు అచ్చు లోతుగా పడి ఉంది. "చూశావా, నేలకూడా పూసింది!" అని మురిసిపోయాడు. ఆవిడ మోచెయ్యి రుద్దుకుంటూ చూసి లోపలికి వెళ్లిపోయింది.

గురువారం పొద్దున్నే సామాను వ్యాన్లో వేసుకుని, ట్రైలర్ దాని వెనక తగిలించుకుని చెల్లెలింటికి స్వయంగా వెళ్లాడు, మెచ్చుకోలు చెవులారా వినిపోదామని. గుర్రాలశాల ముందంతా గట్టి సిమెంటు నేల. చెల్లెలి భర్త అక్కడే ఉన్నాడు. ఆయనది పరుపుల కొట్టు. ఎవరింటికెళ్లినా ముందు మంచం నొక్కి చూసే మనిషి, నోరు ఊరుకోబెట్టడం తెలియదు.

"వద్దన్నానా లేదా?" అంది చెల్లెలు, పువ్వుని చూడగానే.

"బయటివైపేగా. దానికి కనపడదు," అన్నాడు మేస్త్రి, గొళ్లేలు తీసి ర్యాంపు దించుతూ.

చెల్లెలు దొరసానిని నడిపించుకొచ్చింది. కుడి కన్ను మూసుకుపోయి నీరు కారుతోంది. ర్యాంపు ముందు ఆగి, తల దించి వాసన చూసి, ఒక కాలు పెట్టింది. ర్యాంపు ఒక పక్కకి ఒరిగి ధణేల్‌మంది. దొరసాని అదిరిపడి వెనక్కి గుంజుకుంది.

"పొగరు. మొదటినుంచీ అంతే దీనికి," అన్నాడు మేస్త్రి.

బెల్లం చూపించారు. బతిమాలారు. మళ్లీ కాలు పెట్టింది, ఈసారి ర్యాంపు రెండో పక్కకి ఒరిగి ధణేల్‌మంది. ఇంక కాలు ఎత్తితే ఒట్టు. చెల్లెలు తనే ఎక్కి చూసింది. ఆమె కిందా ఊగింది. పరుపుల బావగారు మోకాళ్లమీద కూర్చుని, తల నేలకి ఆనించి ర్యాంపు కిందికి తొంగిచూశాడు.

"బావగారూ, మీ ర్యాంపు నేలమీద లేదు. పువ్వుమీద కూర్చుంది."

మేస్త్రి కూడా వంగి చూశాడు. నిజమే. పైకెత్తినప్పుడు నెత్తిన ఉండే అంచు, దించినప్పుడు నేలకి తగిలే అంచు. జీవితమంతా నిలబడే వస్తువులే చేసినవాడికి, ఇది పడుకునే వస్తువన్న ఆలోచన ఒక్కసారీ రాలేదు. షెడ్డు దగ్గర ఇసక పువ్వుని మింగేసి ఆయన పరువు కాపాడింది. ఈ సిమెంటుకి అంత మొహమాటం లేదు.

"మా కొట్లోనూ పరుపులు నిలబెట్టే ఉంచుతాం. కానీ కొనేవాళ్లకి పడుకోబెట్టే చూపిస్తాం," అన్నాడు బావగారు, మోకాళ్లు దులుపుకుంటూ.

మేస్త్రికి ఒళ్లు మండింది. "ఇంత రాద్ధాంతం ఎందుకు? రెండు మూలలా ఇటుకలు పెడితే సరి."

"ఆస్పత్రి దగ్గరో?"

"ఇటుకలు కూడా పట్టుకెళ్తాం."

"పువ్వు కోసం ఇటుకలు మోసుకు తిరగాలన్నమాట," అన్నాడు బావగారు. "పోనీ, ఇటుకలకీ ఒక్కో పువ్వు అతికించండి."

చెల్లెలు నవ్వలేదు. దొరసాని మెడమీద చెయ్యేసి నిలబడింది. "అన్నయ్యా, దీనికి కళ్లమీద నమ్మకం పోయింది. ఇంక కాలినే నమ్ముకుంటోంది. కాలు పెట్టి అడుగుతోంది, ఇది నన్ను మోస్తుందా అని. నువ్వు చేసింది మొయ్యనంటోంది. దీన్ని పట్టుకుని పొగరంటావేంటి?"

అవతల డాక్టరు మధ్యాహ్నం దాకానే ఉంటాడు. దొరసాని బాగున్న కంటితో మేస్త్రిని చూస్తోంది. ఆయనకి సిగ్గేసింది. మనుషుల దగ్గర కూడా ఎప్పుడూ వెయ్యనంత సిగ్గేసింది.

వ్యాన్లోంచి గ్రైండర్ తీశాడు. చప్పుడికి బెదురుతుందని చెల్లెలు గుర్రాన్ని శాల వెనక్కి తీసుకెళ్లింది. ర్యాంపు పైకెత్తితే పువ్వు సరిగ్గా ఆయన మొహానికెదురుగా వచ్చింది. ఒక్క క్షణం తటపటాయించాడు. తర్వాత నిప్పురవ్వలు లేచాయి. పువ్వు సిమెంటు మీద పడి, దొర్లి, బావగారి చెప్పుల దగ్గర ఆగింది. ఆ మనిషి ఏదో అనబోయి, మేస్త్రి మొహం చూసి నోరు మూసుకున్నాడు. అది ఆయన జీవితంలో చేసిన పెద్ద ఉపకారం.

దొరసాని మళ్లీ వచ్చింది. కాలు పెట్టింది. ఆగింది. ఇంకోసారి గట్టిగా తొక్కి చూసింది. ర్యాంపు కదల్లేదు. మెల్లగా, ఎవరూ లాగకుండానే ఎక్కి లోపలికి వెళ్లింది. మేస్త్రి తలుపు ఎత్తి గొళ్లేలు వేశాడు. పువ్వున్నచోట గుండ్రంగా ఒక మచ్చ మిగిలింది. దానికి రంగు కూడా వెయ్యలేదు.

కన్ను దక్కింది. ఆస్పత్రి నుంచి దొరసానిని ఇంటికి పంపిన రోజున, ఎవరూ పిలవకపోయినా మేస్త్రి చెల్లెలింటికి వెళ్లాడు. దొరసాని తలకి కుడివైపంతా కట్టు కట్టేశారు, ఆ పక్క ఏమీ కనపడదు. ర్యాంపు అంచున నిలబడి గిట్టతో ఒకసారి తట్టింది, మళ్లీ తట్టింది, దిగి వచ్చేసింది. ఆయన పనిని అంత శ్రద్ధగా పరీక్షించినవాళ్లు ఇంతవరకు లేరు. ఇన్నేళ్లూ తను అందరి కళ్లకోసమే చేశాననీ, కాలూ చెయ్యీ తగిలేవాళ్లని ఒక్కమాట అడగలేదనీ ఆయనకి అప్పుడు తట్టింది. తట్టగానే మోచెయ్యి ఒకటి గుర్తొచ్చింది.

ఇంటికొచ్చి గ్రైండర్ పట్టుకుని నేరుగా వంటింట్లోకి నడిచాడు.

"ఏవండీ, ఏమైంది మీకు?" అంది భార్య కంగారుగా.

"కాస్త పక్కకి జరుగు."

పువ్వు ఊడొచ్చింది. కోసినచోట చేత్తో తడిమి, ఎక్కడా గరుకు తగలకుండా అరగదీశాడు. ఆవిడ చూస్తూ నిలబడింది, ఏమీ అడగలేదు. అడగడం మానేసి చాలాకాలమైంది కదా.

సాయంత్రం ఆవిడ బట్టల బుట్ట ఎత్తుకుని ఆ గుమ్మం దాటింది. దాటుతూ, ఎప్పట్లాగే మోచెయ్యి లోపలికి లాక్కుని, ఒంటిని కాస్త పక్కకి తిప్పింది. అక్కడ పువ్వు లేదు. వెనక్కి వచ్చేటప్పుడూ అలాగే తిప్పింది. మేస్త్రి టీగ్లాసు చేత్తో పట్టుకుని అది చూస్తూ కూర్చున్నాడు.