థార్న్‌షాలో చేతుల ఎన్నిక

మిల్లు యజమాని గ్రీవ్‌సన్ దొర ఇంట్లో గెలుపు విందుకు అప్పుడే బాతులు కోశారట. ఎన్నిక ఇంకా మొదలే కాలేదు. దొరగారి వంటమనిషి తన చెల్లెలికి చెప్పిందట, ఆ చెల్లెలు మా పక్కింటి తబితకు చెప్పిందట, తబిత గోడ మీదుగా కెజియా వదినకు చెప్పి "నేనన్నానని ఎవరితోనూ అనబాక" అందట. సాయంత్రానికి థార్న్‌షా ఊరంతా బాతుల సంగతే.

మేం ఆయన మిల్లు నుంచి గొర్రెబొచ్చు తెచ్చుకుని దువ్వి బతికేవాళ్ళం. బొగ్గు పొగ నిండిన గదుల్లో, పొయ్యి మీద కాల్చిన ఇనప దువ్వెనలతో. మాకు ఓటు లేదు. అది ఆస్తిపాస్తులున్న దొరలకూ, పెద్ద దుకాణాలవాళ్ళకూ. మాకున్నదల్లా ఒక పాత ఆచారం. పార్లమెంటు ఎన్నికకు ముందు మేయరు చెక్క వేదిక ఎక్కి అభ్యర్థుల పేర్లు పిలుస్తాడు. మైదానంలో ఎవరికి ఎక్కువ చేతులు లేస్తే వాడు గెలిచాడంటాడు. అక్కడ కూలివాడి చెయ్యీ చెయ్యే. అయితే ఓడినవాడు "పోలింగు పెట్టండి" అన్నాడో, ఆ చేతులన్నీ గాలికే. ఇక ఓటున్నవాళ్ళే మిగులుతారు.

ఈసారి దొరకు పోటీగా మాలోంచి కెజియా వదిన మొగుడు ఈనోక్ సగ్డెన్ నిలబడ్డాడు. ప్రార్థనమందిరం వెనక గదిలో కూర్చున్నాం.

"చేతులు చెల్లవని ఎక్కడ రాసుందిరా?" అన్నాడు ఈనోక్.

"ఎక్కడా లేదన్నా."

"ఈ దేశం రాజ్యాంగమే ఎక్కడా రాసి లేదు. దొరలు చేసుకుంటా వచ్చారు, అదే చట్టమైంది. మనమూ ఒకసారి చేద్దాం. నేను గెలిచానని మేయరు అనంగానే, గెలిచిన దొరల్ని మోసినట్టు నన్నూ కుర్చీలో ఎత్తుకోండి. దొర పోలింగు అన్నా మైదానం ఖాళీ చెయ్యబాకండి. పక్క ఊళ్ళూ ఇట్టాగే చేస్తే అదే ఆచారమైపోద్ది."

"దొరలు ఊరుకుంటారా?" ముసలి ఏమస్ అడిగాడు.

"ఊరుకోరు. ఇప్పుడు మాత్రం నిన్ను ఒళ్ళో కూర్చోబెట్టుకున్నారా?"

అందరం నవ్వాం. వదిన నవ్వలేదు.

"పార్లమెంటుకు పోతావు సరే, చినగని చొక్కా ఒకటుందా నీకు?" అంది. మళ్ళీ తనే అంది. "నిన్ను పట్టుకుపోతే నాకెవరయ్యా దిక్కు?"

అయినా ఈనోక్ నిలబడ్డాడు.

ఎన్నిక రోజు మైదానంలో జనం పట్టలేదు. దొర వెనకే వేదిక మీద మిల్లు మేస్త్రీలు నిలబడి మమ్మల్ని వరసగా చూస్తున్నారు. మా బలం చూసి బెదిరారనుకున్నాం. ఈనోక్ పేరు పిలవగానే చేతులు లేచాయి. దువ్వెనల వేడికి బొబ్బలెక్కిన చేతులు. లెక్కకు రావని తెలిసీ ఆడవాళ్ళూ ఎత్తారు. మేయరు గొంతు సవరించుకున్నాడు.

"ఈనోక్ సగ్డెన్ ఎన్నికయ్యాడు."

గ్రీవ్‌సన్ దొర కుర్చీలోంచి లేవను కూడా లేదు. "పోలింగు కావాలి" అన్నాడు.

"గెలిచినోడు గెలిచాడు!" అని మైదానం మొత్తం అరిచింది. ఈనోక్‌ను కుర్చీలో భుజాలకెత్తాం. వదిన వేదిక మెట్లకు అడ్డంగా నిలబడింది.

"మా చేతులు చెల్లవని ఎక్కడ రాసుందో చూపించండయ్యా!"

"రాసి లేదమ్మా. ఎప్పట్నుంచో అంతే" అన్నాడు మేయరు.

"అయితే ఇయ్యాల్టి నుంచి ఇంతే!"

ఎవరూ కదల్లేదు. అప్పుడు మేయరు జేబులోంచి కాగితం తీసి అల్లరిమూకల చట్టం చదివాడు. అది మాత్రం రాసే ఉంది, చదివాక చెదరని జనం మీదికి సిపాయిల్ని వదలొచ్చని. చదవడం ముగిసిన కొంతసేపటికి గుర్రాల మీద సిపాయిలు మాలోకి దూరారు. కుర్చీ పడిపోయింది. ఈనోక్‌ను జుట్టు పట్టుకుని ఈడ్చుకుపోయారు.

మర్నాడు మిల్లు గుమ్మం దగ్గర మేస్త్రీలు ఒక్కొక్కరి మొహం చూసి, నీకు దువ్వడానికి బొచ్చు లేదు, పని లేదు పొమ్మన్నారు. ఎవరెవరు చెయ్యెత్తారో వాళ్ళు వెతుక్కోవాల్సిన పనేముంది? మేమే పగటి వెలుగులో ఎత్తి చూపించాం.

ఈనోక్‌ను ఖైదీల ఓడ ఎక్కించారు, భూమికి అవతలి వైపుకు. అక్కణ్ణుంచి తిరిగొచ్చినవాణ్ణి మా లోయలో ఎవరూ చూడలేదు.

శరత్కాలంలో ఒక ఆదివారం బీడు మీద మళ్ళీ సభ పెట్టాం. సగం మందే వచ్చారు. జల్లు పడుతోంది. లీడ్స్ నుంచి వచ్చిన ప్లీడరు మంచివాడే, మా పక్షమే.

"అధైర్యపడకండి. మన రాజ్యాంగం గొప్పతనం అదే. ఎక్కడా రాసి లేదు కాబట్టి ఎప్పుడైనా మార్చుకోవచ్చు. పార్లమెంటుకు ఇంకో అర్జీ పెడదాం" అన్నాడు.

"మళ్ళీనా?" అన్నాడు ఏమస్.

వదిన తడిసిన గడ్డి మీంచి లేచింది.

"అయ్యా ప్లీడరుగారూ, అది రాసుంటే పోయి చించేసి వచ్చేదాన్ని. నన్నూ ఓడెక్కించేవాళ్ళు, మా ఆయన దగ్గరికన్నా చేరేదాన్ని. రాయనిదాన్ని ఎక్కడ పట్టుకుని చించమంటారు?"

ప్లీడరు టోపీ తీసి నీళ్ళు దులుపుకున్నాడు.