ఏడుపు లేని అర్జీ

ఇంకొంచెం దగ్గరికి జరిగి కూర్చో తల్లీ. గాలికి నా మాట సగం వాకిట్లోకే పోతోంది. కరీంనగర్ కచేరీ ముందర గోడకు ఆనుకుని, చాప పరుచుకుని అర్జీలు రాసిన జహీర్ సాబ్ సంగతి చెబుతాను. ఆంధ్రప్రదేశ్ ఏర్పడి ఐదారేళ్ళయిన కాలం అది. పెద్ద కథేమీ కాదు, ఒక్క పగటి ముచ్చట.

ఆ పొద్దు ఆయన సిరా కలుపుతున్నాడు. చిన్న గాజు దవాతులో నీళ్ళు పోసి, సిరా బిళ్ళ వేసి, వేపపుల్లతో తిప్పుతున్నాడు. నీలం రంగు మొదట ఒక మూల నుంచి పొగలాగా లేచి, ఆ తర్వాత నీళ్ళన్నిటినీ తనలో కలుపుకుంటుంటే అలాగే చూస్తూ కూర్చున్నాడు. రోజూ చూసేదే. అయినా రోజూ చూసేవాడు. సన్నటి మనిషి. మోచేతుల దగ్గర వెలిసిపోయిన షేర్వాణీ, ఒకవైపు కాడ విరిగితే దారంతో చెవికి కట్టుకున్న కళ్ళద్దాలు. నైజాం కాలంలో ఉర్దూలో రాసేవాడు. రాజ్యం మారాక, నెరిసిన గడ్డంతో పక్కింటి పిల్లల పలక తీసుకుని తెలుగు దిద్దుకున్నాడు. అందుకే ఆయన తెలుగు అక్షరాలు కుడినుంచి వచ్చే గాలికి వంగిన జొన్నచేనులాగా ఒక పక్కకు ఒరిగి ఉండేవి.

ఆయనకొక అలవాటుండేది. రాస్తూ రాస్తూ ఆ మనిషిలోకి వెళ్ళిపోయేవాడు. బొగ్గుబాయి పనికి రాయించుకోవడానికి ఎవరైనా వస్తే, కలం కాగితం మీద ఉండగానే ఆయన నస్పూర్ దిక్కున భూమిలోకి దిగిపోయేవాడు. చీకట్లో నీళ్ళు కారే చప్పుడు చెవులకు వినిపించేది. లారీ నడిపేవాడికి రాస్తే నిర్మల్ ఘాటు ఎక్కి, మలుపు దగ్గర ఊపిరి బిగబట్టేవాడు. నిజానికి ఆయన ఊరి పక్క మానేరు వాగు దాటి ఎరగడు.

చిన్నప్పుడు ఆయనకు ఈ పని నేర్పిన ఉస్తాదు ఒక్కటే మాట చెప్పాడట. అర్జీ చదివితే హాకిం, అంటే పై అధికారి, కన్ను తడవాలి, తడవకపోతే నీ సిరా ఉత్త నీళ్ళే అని. ఆ మాట జహీర్ సాబ్ ఎన్నడూ మరిచిపోలేదు. ఎవరొచ్చినా ముందు వాళ్ళ కష్టాలు రాసేవాడు. కష్టాలు చాలకపోతే రెండు కలిపేవాడు. ముసలితల్లికి చూపు లేదని రాయడం ఆయనకు మరీ ఇష్టం. ఆ తాలూకాలో సగం మంది తల్లులకు జహీర్ సాబ్ కళ్ళు తీసేశాడని కచేరీ బంట్రోతు మల్లన్న నవ్వేవాడు. రాసింది చదివి వినిపిస్తుంటే రాయించుకున్నవాడే కండువాతో ముఖం తుడుచుకునేవాడు. "గింత కష్టం నాకున్నదా సాబ్?" అని ఆశ్చర్యపోయేవాడు.

సిరా కుదిరి, కలం ముంచబోతుండగా ఇద్దరు వచ్చి ఎదురుగా నిలబడ్డారు. నేతపని చేసే హనుమండ్లు, అతని భార్య చంద్రవ్వ. హనుమండ్లుకు భుజాలు పెద్దవి, కాళ్ళు సన్నవి. మగ్గం గుంటలో పెరిగిన మనిషి అట్లాగే ఉంటాడు. చంద్రవ్వ కుడిచేతి చూపుడువేలి మీద దారం కోసిన గీత, ఎన్నటికీ మానని గీత.

"మల్ల రాలే సాబ్," అన్నాడు హనుమండ్లు.

"ఏం రాలే?"

"జవాబు. బట్టల మిల్లుకు రెండుసార్లు ఇస్తిమి గద. రెండుసార్లు రాలే."

చంద్రవ్వ కొంగు బిగించింది. "నిన్న నేనే పోయి అడిగిన. గుమస్తా అంబదాస్ పండ్లికిలిచ్చిండు. మీ అత్తకు కండ్లు లెవ్వట, మీ ఆయినకు దగ్గట, ఇంట్ల పొయ్యి ఎలుగుతలేదట, గిన్ని తిప్పలున్నోన్ని తీస్కుంటే దినాం నాగాలే పెడ్తడు, గసొంటి అర్జీలు మేనేజరు సార్ ముట్టుకుంటనే లేడు అన్నడు."

జహీర్ సాబ్ కలం దవాతు అంచుకు ఆనించాడు. ఒక చుక్క జారి మళ్ళీ సిరాలోనే పడింది.

"నాకు దగ్గు ఎన్నడు లేకుండె సాబ్," అన్నాడు హనుమండ్లు మెల్లగా, ఆయనను తప్పు పట్టినట్టు కాకుండా.

"ఇయ్యాల ఆఖరు," అంది చంద్రవ్వ. "పొద్దుమీకి మిల్లు కూత వేసినంక తీస్కోరట. సొసైటీల నూలు ఇస్తలేరు, మగ్గం ఉట్టిగున్నది. గిది గాకపోతే ఎల్లుండి మా సుట్టాలెంబడి భీవండి పోతనంటుండు."

"పోయి పైసలు పంపుత గద," అన్నాడు హనుమండ్లు.

"మా అన్న గూడ గట్లనే అన్నడు. గాడ ఇంకో సంసారం పెట్టుకున్నడు."

"నేను గసొంటోన్నా?"

"మా అన్న గసొంటోడని ఎవలకు ఎరుక?"

పని కోసం ఎక్కడో దూరాన ఉన్న భీవండికి పోయిన మగ్గాల మనుషుల పేర్లు వాళ్ళ సాలెపేటలో చాలా ఉన్నాయి. తిరిగి వచ్చినవాళ్ళ పేర్లు వెతకాలి.

జహీర్ సాబ్ కొత్త కాగితం తీసి ఒళ్ళో పలక మీద పరిచాడు. కష్టాలు రాయకూడదు. మరి ఏం రాయాలి? ఆ వయసులో, కలం చేతిలో ఉండగా, ఆయనకు మొదటిమాట దొరకలేదు.

"నీకేం పని వచ్చు హనుమండ్లు?"

"మాకు నేసుడు వచ్చు సాబ్."

"అరే, మీకు గాదు. నీకు."

"మా అవ్వ పడుగు పోగులకు గంజి పెడ్తది. గీమె నూలు కండెలు చుడ్తది. నేను గుంటల కూసుంట."

"కూసుని ఏం జేస్తవు?"

హనుమండ్లు భార్య ముఖం చూశాడు. "ఏం జేస్త సాబ్? నేస్త."

అంతకంటే రాలేదు. సాలెవాళ్ళ ఇంట్లో నా పని అనే మాట వాడరు తల్లీ. బట్ట ఇంటిల్లిపాది చేతుల మీదుగా వస్తుంది. అందులో తన వంతు ఏదో విడదీసి చెప్పమంటే, నడిచేది నీ కుడికాలా ఎడమకాలా అని అడిగినట్టే ఉంటుంది. ఎన్ని తీర్లుగా అడిగినా హనుమండ్లు మేము అనే అన్నాడు.

జహీర్ సాబ్ దవాతుకు బిరడా పెట్టి లేచాడు. నమాజుకు తప్ప పగటిపూట ఆయన చాప మీదినుంచి లేవడం ఎవరూ చూసి ఉండరు.

"యాడికి సాబ్, నమాజుకా?" అన్నాడు మల్లన్న.

"గుడ్డోల్లకు కండ్లు పెట్టనీకి పోతున్న," అన్నాడు జహీర్ సాబ్.

సాలెపేటలో వాళ్ళ ఇల్లు. గడప దాటగానే గంజి పులిసిన వాసన. హనుమండ్లు తల్లి బుచ్చవ్వ వెలుతురుకు ఎదురుగా కూర్చుని, దువ్వెనలాంటి పన్నె సందుల్లోంచి ఒక్కొక్క పోగు లాగుతోంది. తల ఎత్తకుండానే అంది:

"ఏమయ్యా జహీరు, నాకు కండ్లు లెవ్వని రాసినవట? రా, గిట్ల ఎండల కూసో. నీ గడ్డంల నల్లయి ఎన్ని మిగిలినయో చెప్త."

"మాఫ్ చెయ్యవ్వా."

"నీ పెండ్లాన్ని గూడ గుడ్డిదాన్ని జేసినవా, మా అసొంటోల్లమేనా?"

చంద్రవ్వ నవ్వు ఆపుకుంటూ ఆయనకు పీట వేసింది. మగ్గం మీద పాత నూలు కొంచెం మిగిలి ఉంది. హనుమండ్లు గుంటలోకి దిగాడు.

మొదట కాళ్ళు కదిలాయి. తర్వాత, కండెను మోస్తూ పోగుల మధ్య పరుగెత్తే నాడె. కుడినుంచి ఎడమకు, ఎడమనుంచి కుడికి. పక్కన చంద్రవ్వ రాట్నం గిర్రుమంటోంది. జహీర్ సాబ్ కళ్ళద్దాలు తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. చూడటానికి వచ్చినవాడు కళ్ళు మూసుకున్నాడు. చప్పుడు నెమ్మదిగా ఆయనను తనలోకి లాక్కుంది. తాను తెల్లటి నీళ్ళలో పడుకున్నట్టు, తన మీదినుంచి ఒక పడవ అటూ ఇటూ పోతున్నట్టు, పోయిన ప్రతిసారీ ఒక సన్నటి గీత తనను నేలకు దగ్గరగా కుట్టేస్తున్నట్టు అనిపించింది. ఎంతసేపో తెలియలేదు.

చప్పుడు మారింది. కళ్ళు తెరిచాడు. పోగు తెగింది. హనుమండ్లు దాని వంక చూడనేలేదు, వాకిట్లో కోడిపిల్లను చూస్తున్నాడు. వేళ్ళు మాత్రం పడుగు మీద పాకి, తెగిన కొసను పట్టుకుని, నలిపి, అతికేశాయి. కాళ్ళు మళ్ళీ కదిలాయి. ఇంతలో రాట్నం ఆగింది. చంద్రవ్వ కొత్త కండె చేతపట్టుకుని చెయ్యి చాపింది. ఆ తర్వాతే నాడెలో కండె అయిపోయింది.

"నీకెట్ల ఎరుక బిడ్డా, అయిపోతదని?"

"నాడె తేలికైతది గద సాబ్. చప్పుడు సన్నగైతది," అంది చంద్రవ్వ, ఇదీ ఒక అడిగే మాటేనా అన్నట్టు.

జహీర్ సాబ్ పీట మీదే వంగి రాశాడు. పాదాలకు దండాలు రాయలేదు, కడుపేదనని రాయలేదు. నా పేరు హనుమండ్లు. చిన్ననాటి నుంచి మగ్గం మీద ఉన్నాను. తెగిన పోగును చేతితో వెతికి అతుకుతాను. మగ్గం చప్పుడు మారితే లోపం ఎక్కడుందో చెబుతాను. చెప్పిన వేళకు వస్తాను. అంతే. కాగితం సగానికి పైగా ఖాళీగా మిగిలింది. ఆ ఖాళీని చూస్తే ఆయనకు బట్టలు లేకుండా బజార్లో నిలబడ్డట్టు ఉంది. అయినా ఏమీ కలపలేదు. ఇంకో కాగితం తీశాడు.

"నీ బాపు పేరేంది బిడ్డా?"

"నాకెందుకు సాబ్? ఆడిదాన్ని."

"మిల్లుల కండెలు ఎవలు చుడ్తరు, దయ్యాలా? చెప్పు."

చంద్రవ్వ మొగుడి వంక చూసింది. హనుమండ్లు మగ్గం ఆపాడు. "నాగయ్య," అన్నాడు అతనే. "వాళ్ళ బాపు పేరు నాగయ్య. రాయుర్రి సాబ్. గీమె చుట్టకుంటే నాకు నేసుడు ఏడ వస్తది?"

రెండూ చదివి వినిపించాడు. ఎవరికీ కన్నీళ్ళు రాలేదు.

"గిది నేనేనా సాబ్?" అన్నాడు హనుమండ్లు.

"నా గురించి ఏమన్న రాసినవా?" అంది బుచ్చవ్వ.

"లేదవ్వా."

"మంచిగైంది. గట్లనే ఉండనీ."

మిల్లు గేటు దగ్గర అంబదాస్ బల్ల సర్దుకుంటున్నాడు. జహీర్ సాబ్‌ను చూసి మొహం చాటంత చేసుకున్నాడు. "ఈసారి ఎవలి కండ్లు పోయినయి సాబ్?"

"ఎవ్వలియి పోలే. అందరు మంచిగున్నరు."

అంబదాస్ నవ్వుతూనే చదవడం మొదలుపెట్టాడు. చివరికొచ్చేసరికి నవ్వడం మరిచిపోయాడు. రెండో కాగితం తిప్పి చూశాడు. "గిది ఆడమనిషిది గద. ఆడోల్లు గావాలని మేము అడగలే."

"వద్దని గూడ అనలే."

అంబదాస్ గడ్డం గోక్కుని, రెండిటినీ కట్ట మీద పెట్టి ఇనుపముక్క ఉంచాడు. మిల్లు కూత వేసింది. చంద్రవ్వ ఉలిక్కిపడి మొగుడి చెయ్యి పట్టుకుంది, బజార్లో ఉన్న సంగతి మరిచి.

జహీర్ సాబ్ ఒక్కడే ఇంటిముఖం పట్టాడు. పొద్దు ఎర్రబడుతోంది. దారి పొడుగునా తాను అర్జీలు రాసిపెట్టినవాళ్ళు కనిపించారు. బొగ్గుబాయిలకు రాయించుకున్నవాళ్ళు, అడవి కావలికి, రైలుకు, చౌకీదారీకి రాయించుకున్నవాళ్ళు. ఎవరికి నౌకరీ దొరికిందో, ఎవరికి తన కలమే అడ్డం పడిందో ఆయనకు తెలియదు. ప్రతివాడూ, ఆయన కళ్ళు లేవని రాసిన ముసలితల్లిని చెయ్యిపట్టి నడిపిస్తున్నాడు. జహీర్ సాబ్ దారి పక్కకు ఒదిగి నిలబడ్డాడు. ఆ తల్లులు ఒక్కొక్కరే దగ్గరికి వచ్చి, కళ్ళు తెరిచి, ఆయన ముఖం తేరిపార చూసి ముందుకు సాగారు. ఎవరి చూపులోనూ కోపం లేదు. దుమ్ము బంగారంలాగా లేచి, వాళ్ళ వెనక మూసుకుపోయింది.

ఇంట్లో భార్య షాజాదీ బేగం పొయ్యి ఊదుతోంది. "గింత ఆలస్యమైంది, ఏమైంది జీ?"

"ఇయ్యాల ఏడుపు లేని అర్జీ రాసిన బేగం."

"ఏడ్వకుంటే ఎవలు ఇంటరు?"

"సూద్దాం. జర ఒరుగుత. ఛాయ్ అయితే లేపు."

గడప మీద ఇంకా ఎండ ఉంది. ఆమె ఛాయ్ తెచ్చి పక్కన పెట్టి పిలిచింది. మళ్ళీ పిలిచింది. ఎండ గడప దిగి వాకిట్లోకి వెళ్ళిపోయింది. ఛాయ్ మీద మీగడ కట్టింది.

మర్నాడు జహీర్ సాబ్ అంతిమయాత్రలో, ఆ జనాజా వెనక, సాలెపేట మగవాళ్ళంతా నడిచారు. అందరికంటే ముందు హనుమండ్లు. భీవండి బండి అతను లేకుండానే పోయింది. సాబ్‌ను మట్టిచేసిన మర్నాడే బయలుదేరడానికి అతనికి మనసు రాలేదు.

తొలకరి పడ్డాక మిల్లునుంచి పిలుపొచ్చింది, చంద్రవ్వకు. కండెలు చుట్టే శాలలో పని. హనుమండ్లుకు రాలేదు, ఆ తర్వాతా రాలేదు. అతను కొద్దిగా సిగ్గుపడ్డాడు, కొద్దిగా నవ్వాడు. పొద్దున్నే లేచి ఆమెకు అన్నం, కూర వండి మూట కట్టడం నేర్చుకున్నాడు. ఆమె జీతంతో నూలు కొనుక్కుని ఇంట్లోనే మగ్గం ఆడించాడు. "ఉప్పెక్కువైందని మిల్లుల అంటున్నరటరా," అని బుచ్చవ్వ రోజూ దెప్పేది. ఇంట్లో ముగ్గురూ ముగ్గురుగానే ఉన్నారు.

పనిలోకి వెళ్ళే మొదటిరోజు చంద్రవ్వ కచేరీ ముందర ఆగింది. చాప లేదు. అయినా కొంగు సరిచేసుకుని, మనిషి ఉన్నట్టే చెప్పింది: "సాబ్, నన్ను తీస్కున్నరు. ఈయిన యాడికి పోతలేడు."

దీన్ని గుర్తుపెట్టుకో తల్లీ. నీకేం వచ్చు అని అడిగితే తల దించుకునే మనిషి ఎదురైతే, ఇట్లాగే పక్కన కూర్చోబెట్టుకుని జహీర్ సాబ్ సంగతి చెప్పు. కరీంనగర్ పోతే కచేరీ గోడ కూడా చూసి రా. ఏటేటా దానికి సున్నం కొడతారు. వానలు పడగానే తెల్లటి గోడ మీద, కూర్చున్న మనిషి వీపంత మేర, నూనె మరక మెల్లమెల్లగా తేలుతుంది.