ఇంజను తాగిన బావి

మిల్లు జమేదారు కర్ర ధనమ్మ నడుము మీద పడింది. నెత్తిమీది కుండ పగిలి ముసలామె మట్టిలో కూలిపోయింది. ఆమె చేసిన తప్పల్లా, దాహంతో ఏడుస్తున్న మనవరాలికి దోసెడు నీళ్లు పోయడమే.

వెనకే ఉన్న కరుణమ్మ ఆమెను లేపడానికి తన కుండ దించబోయింది.

"కదిలితే నీకూ గంతే!" అన్నాడు జమేదారు.

అది పందొమ్మిది వందల నలభై ఆరో సంవత్సరం, మొయినాబాదులో మండుటెండల కాలం. నూనెమిల్లు ఇంజనును చల్లబరిచే నీళ్లకు సర్కారు నీళ్ల శాఖ, మహకమా, ఛార్జీ పెంచింది. "తాగుతున్ననా? చల్లబెట్టి మళ్ల కాలువల ఇడుస్తున్న. ఎందుకు కట్టాలె?" అని మిల్లు దొర అర్జీ పెట్టాడు. మహకమా మిల్లుకు నీళ్లొచ్చే గొట్టం మూసేసింది. దొర మిల్లు ఆపలేదు. వాడలో ఉన్న ఒక్క బావి మీద పడి, ఆ నీళ్లు మిల్లుకు మోయడానికి ఆడవాళ్లను వెట్టికి తోలాడు.

మూడో రోజు ధనమ్మ చనిపోయింది. మట్టి చేసి వచ్చి అందరూ చర్చి ముందు కూర్చున్నారు.

"జర ఓర్చుకోండ్రి. అర్జీల దొర గెలిస్తే గొట్టం తెరుస్తరు" అన్నాడు సంఘపెద్ద స్వామిదాసు.

కరుణమ్మ లేచింది. "గెలిచేటాల్లకు ఇంకెందర్ని పాతిపెట్టాలె మామా? కొట్లాట ఆళ్లిద్దరిది. ఎండింది మన బావి!"

ఇంజను నడిపే అంతయ్య అప్పుడు నోరు విప్పాడు. "నీళ్లు ఆగితే ఇంజను కాగి పట్టేస్తది, పగుల్తది. మీరు పొయ్యకుండ్రి. నేను ఇంజను ఆపను."

తెల్లవారి నలభైమంది ఆడవాళ్లు నిండుకుండలతో మిల్లు దాకా వచ్చి, ఇంజను తొట్టిలో పోయకుండానే వెనక్కి తిరిగారు. జమేదారు కర్ర కరుణమ్మ నుదురు చీల్చింది. రక్తం కంట్లోకి కారుతుండగానే ఆమె ఆ కర్ర గుంజుకుని వాడి మోకాలు విరగ్గొట్టింది. లోపల ఇంజను కీచుమంటోంది.

"ఆపురా అంతయ్యా!" దొర తుపాకీ ఎత్తాడు.

అంతయ్య చేతులు కట్టుకుని నిలబడ్డాడు. "ధనమ్మను కొట్టినప్పుడు ఆపమన్నవా దొరా?"

తుపాకీ పేలింది. అంతయ్య గడప మీద పడ్డాడు. ఆ వెంటే ఇంజను పెళ్లున పగిలింది.

మధ్యాహ్నం పోలీసులు కరుణమ్మకు బేడీలు వేసి లారీ ఎక్కించారు. చేవెళ్ల దారిలో లారీ ఆగింది. సంగతి తెలిసి, దారిలోని ఊరు ముడిమ్యాల జనం కర్రలతో దారంతా నిండి ఉన్నారు.

"తప్పుకోండి!" పోలీసు అధికారి అమీను అరిచాడు. "ఎక్కడికి మీరంతా?"

"బావి కావలికి" అన్నాడు ముందున్న రైతు ఎల్లయ్య. "ముందుగాల ఆమెను దించు."

పోలీసులు తుపాకులు గురిపెట్టారు. ఎవరూ తప్పుకోలేదు. వెనకున్నవాళ్లు ముందుకు జరిగారు.