నలభై ఏడో నంబరు ఉపవాసం

ఏసుపాదం వేడి ఫ్లాస్కును కుడి చెంపకు ఆనించి కళ్లు మూసుకున్నాడు. చెంప ఓర్చుకుంటే ప్లేట్లలో పోయవచ్చు, చురుక్కుమంటే ఆగాలి. ల్యాబులో థర్మామీటర్లు లేక కాదు, ముప్పై ఒక్క ఏళ్లుగా ఆ చెంప ఒక్కసారీ తప్పు చెప్పలేదు. ఈస్టులు పెరిగే జెల్లీ, అగరు, గడ్డకట్టేలోగా ఇరవై ప్లేట్లు నింపి నడుం పట్టుకున్నాడు. ఇవాళే రిటైర్మెంటు. సాయంత్రం దండ వేసి సొంతూరు పామర్రు బస్సు ఎక్కిస్తారట.

గవర్నర్‌పేటలో మూడో అంతస్తున ఉన్న ఆ ల్యాబులో అతని పని ఈస్టులకు వండి పెట్టడం. రోగుల రక్తంలో దొరికిన వాటిని వారానికి రెండుసార్లు కొత్త ప్లేటుకు మార్చాలి. అందులో నలభై ఏడో నంబరుది మొండి ఘటం, మందుకు చావదు. ఎందుకు చావదో దాని జన్యువుల్లో వెతుకుతూ డాక్టర్ జ్యోతిర్మయి ఏడాదిగా తిండీ నిద్రా మానుకుంది. దానికి మాత్రం మందు కలిపిన తిండే పెట్టమని మరీ మరీ చెప్పింది కూడా.

పదకొండింటికి ఆవిడ రెండు ప్లేట్లు పట్టుకొచ్చింది. ఫ్రీజరులో దాచిన నలభై ఏడు ప్లేటు మధ్య పెట్టిన మందు బిళ్లను ఆనుకుని దర్జాగా పెరిగింది. ఏసుపాదం పెంచిన నలభై ఏడు బిళ్ల దరిదాపుల్లో లేదు.

“మీరు పెంచినది మందుకు చచ్చిపోతోందండీ. నా ఏడాది కష్టం బూడిదలో పోసిన పన్నీరే. దీనికేం పెట్టారు?”

ఏసుపాదం చేతులు తుడుచుకున్నాడు. చెప్పకపోతే ఆవిడ కష్టం పోతుంది. చెబితే దండ పడే రోజునే ముప్పై ఒక్క ఏళ్ల మంచిపేరు పోతుంది. రేపు ఈస్టరు. అబద్ధమాడి చర్చిలో ప్రభువు బల్ల దగ్గరికి ఏ మొహంతో వెళ్తాడు?

“ఈస్టరు ముందు శ్రమదినాలు కదండీ,” అన్నాడు నేల చూస్తూ. “ఈ నలభై రోజులూ మేం నీచు ముట్టమండి. ఏ ప్రాణినీ బాధపెట్టనని ఒట్టు కూడా పెట్టుకున్నానండి. దీనికి విషం కలపడానికి చెయ్యి రాలేదు. ఉత్త తిండే పెట్టా. పండగ వెళ్లాక మళ్లీ మొదలెడదామనుకుంటే, ఈలోగా రిటైరైపోయానండి.”

జ్యోతిర్మయి ప్లేట్లు రెండూ పట్టుకుని లోపలికెళ్లి జన్యువులు చదివే మిషను ముందు కూర్చుంది. ఏసుపాదానికి క్యారేజీలో పప్పన్నం సహించలేదు. నాలుగింటికి ఆవిడ నవ్వుతూ వచ్చింది.

“నేను జన్యువుల్లో అక్షరాల తప్పు వెతుకుతున్నానండీ. తప్పేం లేదు. అది ఒక క్రోమోజోమును అదనంగా మోస్తోంది, మందును బయటికి తోసే జన్యువులు దాని మీదే ఉన్నాయి. మీరు మందు మానేసేసరికి ఆ బరువు దించేసి, మందుకు లొంగిపోయింది.”

“అంటే ఉపవాసం పనిచేసిందన్నమాటండి.”

“చేసింది. ఇంకెక్కడా మాత్రం చెయ్యకండి.”

“రేపట్నుంచి ఊళ్లో గేదెలకి మేత పెట్టుకోడమేగా అండీ.”

పోయేముందు ఏసుపాదం తన నలభై ఏడును చిన్న గొట్టంలోకి ఎత్తి, చీటీ అంటించి ఫ్రీజరులో పెట్టాడు. ఐదింటికి దండ మెడలో ఉండగానే బస్టాండుకు ఆటో ఎక్కి వెళ్లిపోయాడు.

సోమవారం పొద్దున జ్యోతిర్మయి అగరు తనే కాచింది. ఎవరూ చూడకుండా ఫ్లాస్కు చెంపకు ఆనించుకుని, చుర్రుమనగానే తీసేసింది. ఆయన లేని వెలితి అప్పుడు గుండెలో గట్టిగా తగిలింది. చల్లటిదేదైనా అద్దుకుందామని ఫ్రీజరు తెరిచింది. ముందు వరసలోనే ఆ గొట్టం ఉంది, చీటీ మీద వంకర అక్షరాలతో: “నలభై ఏడు. ఉపవాసం చేసినది.”