నీళ్ళు తాగే రేడియో

ప్రేమానందం పూతలపట్టు బడిలో అయివారు. బడి వదలగానే ఇంటికొచ్చి, ఊరగాయ జాడీలకు రాగితీగ చుట్టి, తళతళలాడే రాయిముక్క ఒకటి పెట్టి, చెవికి ఆనించుకుని వినే గొట్టం తగిలించి రేడియోలు కట్టేవాడు. ఊళ్ళోవాళ్ళకు ఊరికే ఇచ్చేవాడు. పెళ్ళయితే పిచ్చి కుదురుతుందంటారు, ఈయనకు ముదిరింది. "ఇంట్లో నేనన్నా ఉండాల, ఈ తీగలన్నా ఉండాల" అని భార్య నిర్మలమ్మ కాళహస్తిలోని పుట్టింటికి వెళ్ళిపోయింది. పంతం కొద్దీ ఆయనా పిలవలేదు.

జాడీ నుంచి ఒక తీగ నేలలోకి దిగేది. దాని మొదట్లో రోజూ చెంబెడు నీళ్ళు పోస్తేనే మద్రాసు వార్తలు వినపడేవి. ఆ ఇంటివాళ్ళు ఎవరి మీద బెంగపడుతున్నారో ఆ మనిషి గొంతుతోనే వచ్చేవి. నీళ్ళు పోసినాం, పలికింది అనుకునేవాళ్ళు అందరూ. తాయమ్మ జాడీలో, యుద్ధానికి పోయిన కొడుకు మునెయ్య బర్మా సంగతులన్నీ చదివి, చివర "అమ్మా, కూడు తిన్నావా?" అనేవాడు. "తిన్నాను నాయనా" అని ఆమె జాడీకి చెప్పేది.

యుద్ధం ముగిసింది. చిత్తూరు అంగడికి ఫ్యాక్టరీ రేడియోలు లారీలో వచ్చాయి. అన్నీ ఒకే పెట్టె, అన్నింట్లో ఒకే గొంతు, వీధంతా వినేంత గట్టిగా. నీళ్ళు పోసే పని లేదు. జనం జాడీలు కడిగి మళ్ళీ ఊరగాయ పెట్టుకున్నారు. ప్రేమానందానికి ఏడుపొచ్చింది. అంగడి యజమాని మునిరామయ్య కబురు పెట్టాడు: "అయివోరూ, బడి మానుకోని మా అంగడికి రండప్పా. పెట్టెలు అమ్మిపెడుదురు." ఆయన సరేనన్నాడు.

ప్రయాణానికి మూట కడుతుంటే తాయమ్మ జాడీ పట్టుకొచ్చింది.

"మునెయ్య వచ్చేసినాడు గదా, ఇంక నాకెందుకు? మీ ఇంట్లో ఒకటన్నా లేదే అయివోరా, పెట్టుకోండి."

నిజమే, లేదు. ఏ గొంతు వస్తుందో ఆయనకు తెలుసు. అందుకే భయం.

ఆమె వెళ్ళాక తీగ నేలలోకి దించి, చెంబెడు నీళ్ళు పోసి, గొట్టం చెవికి ఆనించుకున్నాడు. నిర్మలమ్మే. బియ్యం రేషను గురించి, నెల్లూరు వానల గురించి చదివింది, ఎప్పటి విసుగుతోనే. వార్తలయ్యాక కాసేపు గరగర. తర్వాత అడిగింది.

"ఇంకా ఎన్ని తీగలుండాయి ఇంట్లో?"

"ఇదొక్కటే" అన్నాడు ప్రేమానందం. ఆ తీగా విప్పేశాడు.

పొద్దున చిత్తూరు బస్సు వచ్చి, హారను కొట్టి, ఆయన లేకుండానే పోయింది. ఆయన రోడ్డుకు అవతలి పక్క తిరుపతి బస్సు కోసం నిలబడి ఉన్నాడు, ఆడినుంచి కాళహస్తికి పోవాలని. చంకలో శుభ్రంగా కడిగిన జాడీ. తాయమ్మకు రేడియో కట్టిచ్చిన ఆ జాడీ, నిర్మలమ్మ పుట్టింటి నుంచి తెచ్చుకున్నదే.