పలుచని తైలము

రోహిణీకార్తె మధ్యాహ్నము. ప్రచండమార్తాండుడు నడినెత్తిన నిలిచి గువ్వలచెరువు కనుమలోని నల్లరాళ్లను పెనమువలె కాల్చుచుండ, కరగిన తారు చక్రముల నంటుకొనుచుండ, వడగాడ్పు ముళ్లకంపలను విరిచి బాటపై పారవైచుచుండ, పొదలనీడ నాశ్రయించిన కోతులు సైతము నోళ్లు దెరచి రొప్పుచుండ, ఆ కనుమ యెనిమిదవ మలుపున నొక తెల్లని బాడుగకారు ఘోరముగా నరచి చచ్చెను. చచ్చెననుట యతిశయోక్తి గాదు. ఇనుము నినుము కొరికిన చప్పుడు పుట్టి, పిస్టన్లు తమ గొట్టములలోనే బిగిసికొని, ముందుమూతనుండి పొగ యెగసి, బండి యున్నచోటనే నిలిచిపోయెను.

దాని యజమానుడును సారథియు నగు ఓబులేసు రాయచోటి వాడు. ఇరువదిరెండేండ్లు పాత జీపు నడపి, దాని నమ్మివేసి, ఆ యేటి సంక్రాంతికి ఈ క్రొత్తకారును దెచ్చుకొనెను. అతని యింటిల్లిపాదికి కూడు పెట్టునది ఆ కారొక్కటియే.

రెండు నెలలకు ముందు ఆ కారునకు తైలము మార్చినవాడు దస్తగిరి యను మెకానిక్కు. కారుతో వచ్చిన పుస్తకము దెరచి చూచి, అందు వ్రాసిన పలుచని తైలమునే తెప్పించి, ఒక్క చుక్కను కుడిచేతి బొటనవ్రేలికిని చూపుడువ్రేలికిని నడుమ రుద్ది, కన్నులు మూసి తల యూచిన పిదప గాని యతడు పోయలేదు. డబ్బాలపై నచ్చువేసిన వ్రాతకంటె ఆ రెండు వ్రేళ్లనే రాయచోటి డ్రైవర్లెల్లరు నమ్ముచుండిరి. ఓబులేసు మాత్రము ఆ ధారను జూచి మొగము ముడిచెను.

“నీళ్ల మాదిర కారతాండాదే. ఈ ఎండలకు ఇదేం నిలుస్తాది దస్తగిరీ?”

“ఇది జీపు గాదన్నా. దీంట్లో ఆయిలు పొయ్యే దావలు శానా సన్నం. చిక్కంది పోస్తే పైకి ఎక్కదు. పుస్తకంలో రాసిందే పోసినా.”

సరేయని తలయూచి పోయెనే గాని ఓబులేసునకు సందేహము తీరలేదు. వాని పెరటికొట్టములో జీపుకాలపు తైలము సగము మిగిలిన డబ్బా యొకటి యుండెను. మూత యెన్నడో పోగా, చినిగిన యెర్రతువ్వాలుముక్క దాని నోట కుక్కబడియుండెను. నెల తిరుగక మున్నే యొక తెల్లవారుజామున నెవ్వరికిని జెప్పక ఆ పలుచని తైలమును దింపివేసి, బెల్లపుపాకమువలె చిక్కనైన ఆ పాతతైలమును బండికి బట్టించెను. పసిబిడ్డకు పాలకు మారుగా రాగిసంకటి మ్రింగించి బలము వచ్చునని మురిసినట్లుండెను ఆ మహానుభావుని మురిపెము.

కనుమ యెక్కుచుండగా కారులోని యెర్రదీపము వెలిగి తైలము పైకి రాలేదని మొత్తుకొనుచుండెను. చిక్కనిది పోసియుండగా నీకేమి భయమని యతడు దానిని జూచి నవ్వి మరింత త్రొక్కెను. ఆవల జరిగినది చెప్పియే యున్నాను. తన తప్పు తనకు గానరాకుండుటకు మనుష్యుడు పడు శ్రమ యింతంత గాదు. దస్తగిరి పోసిన నీళ్లు నెలరోజులు ఇంజనును గొరికి తినెననియు, తాను బోసిన మందు ఆలస్యముగా జేరెననియు, ఎండలో లారివెనుక త్రాటికి గట్టిన కారులో రాయచోటికి వచ్చునప్పుడే ఓబులేసు తీర్మానించుకొనెను.

షెడ్డు వాకిట కారు నిలుచునప్పటికి దస్తగిరి లోపల మరియొక బండిపై వంగియుండెను. ఓబులేసు పలుకరింపలేదు. వెనుకనుండి మెడ బట్టి యీడ్చి, తలుపు నంచునకు నొసలు చిట్లునట్లు గొట్టి, నేల గూలినవానిని డొక్కలో దన్ని, నెత్తుటితో గన్నులు మూసికొనిపోయిన యా మనుజుని కుడిచేతిని ఇనుపబల్లపై నదిమిపట్టి పెద్దపానా నెత్తెను.

“నీళ్లు పోసింది ఈ చెయ్యేగదా.”

ఒకటి, రెండు, మూడు దెబ్బలు. ఎముకలు విరిగిన చప్పుడు వీధిదాక వినవచ్చెను. ప్రక్కనే విడిభాగముల యంగడి నడపుచున్న దస్తగిరి చెల్లెలు మాబున్ని పరుగున వచ్చి, జాకీకడ్డీతో ఓబులేసు భుజము విరుగగొట్టినంత పని చేసెను. వాడు మోకాళ్లపై గూలెను. ఆమె రెండవమారు తలకు గురిచూచి కడ్డీ నెత్తెను.

“వద్దు మాబున్నీ,” అనెను దస్తగిరి, నలిగిన చేతిని రొమ్మున కదుముకొని. “ముందు ఆ కారు కింద ఆయిలు నట్టు ఇప్పు.”

ఆమె పండ్లు గొరుకుచునే బండిక్రింద దూరి నట్టు విప్పెను. ఏమియు గారలేదు. కొంతసేపటికి నల్లని ముద్ద యొకటి మెల్లగా జారి పళ్లెములో బడెను. అడుగుతొట్టిని గూడ విప్పి, తైలము పీల్చు జల్లెడను దీసి చూపగా, దాని కన్నముల నిండ నెర్రని నూలుపోగులు చిక్కుకొనియుండెను.

“ఇది నేను పోసింది గాదన్నా,” అనెను దస్తగిరి.

ఓబులేసు ఆ పోగులను గుర్తించెను. అవి తన పాతడబ్బా నోట కుక్కిన తువ్వాలువే.

మాబున్ని కడ్డీ నేల వైచి, “నీకు కూడు పెట్టేది ఆ బండైతే, మాకు పెట్టేది ఆ రెండు వేళ్లు,” అనెను. ఆ పిమ్మట నామె యెన్నడును వానితో మాటలాడలేదు.

ఓబులేసు తనంత దానే ఠాణాకు బోయి చేసినది చెప్పెను. కడప వైద్యులు దస్తగిరి యెముకల నతికించిరి గాని, తెగిన నరముల కేమియు జేయజాలమనిరి. జామీనుపై విడుదలయైన నాడే ఓబులేసు షెడ్డు వాకిట వచ్చి నిలిచెను. దస్తగిరి వానిని జూచి, పానా పట్టుటకు జేయి గావలసియుండుటచేత లోనికి రమ్మనెను. నాటినుండి దస్తగిరి చెప్పుచుండ ఓబులేసు విప్పుచు బిగించుచు రెండు నెలలు ఇతరుల బండ్లకు జాకిరి చేసి, తుదకు దన కారునే ముందుంచుకొని, ఇంజనును మరల నిలబెట్టెను.

తైలము పోయవలసిన యుదయము వచ్చెను. పుస్తకములో నున్న పలుచని తైలపు డబ్బానే ఓబులేసు దెరచి పట్టుకొనెను. దస్తగిరి యలవాటుచొప్పున వంకరబోయిన కుడిచేతిని జాచి, ఒక్క చుక్కను బట్టి, బొటనవ్రేలితో రుద్ది కన్నులు మూసెను. మరల రుద్దెను. చాలసేపటికి గన్నులు దెరచెను.

“ఎట్లుండాదో నువ్వు చెప్పన్నా.”

ఆ వ్రేలిమీది తైలమును ఓబులేసు తన వ్రేళ్లకు దీసికొని రుద్ది చూచెను.

“పల్చగా ఉండాది.”

“అయితే పొయ్యి.”

ఓబులేసు డబ్బా వంచెను. తైలము చప్పుడు లేక లోనికి దిగిపోవుచుండెను. దస్తగిరి దాని వంక జూడక తన రెండు వ్రేళ్లను ఇంకను రుద్దుకొనుచునే యుండెను.